ఒకరిదా, అందరిదా? – ఇంగ్లీషు రాతలో బహువచన షష్ఠి: చరిత్ర, వాడుక

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
– ఇంగ్లీషులో బహువచన షష్ఠిని తెలిపే అపాస్ట్రఫీ గుర్తు ఎలా వచ్చిందో వివరించగలుగుతారు.
– ఆ గుర్తు స్థానాన్ని బట్టి అర్థం ఎలా మారుతుందో చెప్పగలుగుతారు.
– మీ దరఖాస్తుల్లో, జవాబు పత్రాల్లో దాన్ని సరిగా వాడగలుగుతారు.

1. పరిచయం

చీరాల–పేరాల ఉద్యమం గురించి మీరు ఆంధ్రదేశ చరిత్రలో చదివే ఉంటారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన కొద్దికాలానికి మద్రాసు ప్రభుత్వం ఈ రెండు ఊళ్ళనూ కలిపి మునిసిపాలిటీగా మార్చింది. అంతకుముందు సాలుకు సుమారు 4,000 రూపాయలున్న పన్ను 40,000 దాకా పెరిగిందని చరిత్రకారులు రాశారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు పన్ను కట్టబోమన్నారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చి వెళ్ళాక జనం ఇళ్ళు విడిచి ఊరి బయట పాకలు వేసుకున్నారు. రామనగరం అని పేరు పెట్టుకున్న ఆ తావులో సుమారు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చుకొని నివసించారు.

ఈ సంగతినే ఇంగ్లీషులో రాయవలసి వచ్చిందనుకోండి. “పన్ను కట్టేవారి నిరాకరణ” అన్న మాటను ఎలా రాస్తారు? “రేట్‌పేయర్’స్ రెఫ్యూజల్” అని రాస్తే నిరాకరించినవాడు ఒక్కడే. “రేట్‌పేయర్స్’ రెఫ్యూజల్” అంటే నిరాకరించినవారు అనేకులు. ఒక మనిషి పన్ను కట్టకపోతే అది బకాయి. ఊరంతా కట్టకపోతే అది ఉద్యమం. ఈ రెంటి మధ్య తేడాను ఇంగ్లీషు రాతలో మోసేది ఒక చిన్న గుర్తు. అది “స్”కు ముందుందా, తరువాతుందా అన్నదే ప్రశ్న. ఈ పాఠంలో ఇంగ్లీషు మాటలను కూడా తెలుగు లిపిలోనే ఇస్తున్నాం కనుక గుర్తు ఎక్కడుందో నిదానంగా గమనించండి.

2. చెవికి అందని తేడా

తెలుగులో ఈ చిక్కు అంతగా లేదు. నేతగాడి మగ్గం, నేతగాళ్ళ మగ్గాలు. ఊరి చెరువు, ఊళ్ళ చెరువులు. కూలీ బతుకు, కూలీల బతుకులు. ఒకరిదో, అనేకులదో విన్న వెంటనే తెలుస్తుంది. బహువచనంలోని “లు” షష్ఠిలో “ల”గా మారి వినబడుతుంది. ఇంగ్లీషులో అలా కాదు. “వీవర్స్” అంటే నేతగాళ్ళు, “వీవర్’స్” అంటే నేతగాడి, “వీవర్స్’” అంటే నేతగాళ్ళ. మూడింటినీ పలికితే ఒకటే ధ్వని. తేడా కంటికే తప్ప చెవికి అందదు. మనవాళ్ళు ఇక్కడ తడబడటానికి మొదటి కారణం ఇదే. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు కూడా ఇక్కడే తడబడతారు కనుక మీరు చిన్నబుచ్చుకోనక్కరలేదు.

3. గుర్తు పుట్టిన క్రమం

ప్రాచీన ఆంగ్లంలో ఈ తేడా చెవికి అందేది. రాయి అనే అర్థం గల “స్టాన్” అనే పదాన్నే తీసుకోండి. “స్టానెస్” అంటే రాయి యొక్క, “స్టానాస్” అంటే రాళ్ళు, “స్టానా” అంటే రాళ్ళ యొక్క. మూడు అర్థాలకు మూడు రూపాలు. కాలక్రమంలో పదాంతంలోని అచ్చులు బలహీనపడ్డాయి. మధ్యయుగాలు ముగిసేనాటికి ఈ మూడూ దాదాపు ఒకే ధ్వనిలో కలిసిపోయాయి. భాష తన చేతిలోని పనిముట్టును పోగొట్టుకుంది.

16వ శతాబ్దంలో ఫ్రెంచి ముద్రణ ప్రభావంతో అపాస్ట్రఫీ ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పట్లో దాని పని ఒక్కటే: లోపించిన అక్షరాన్ని సూచించడం. 1623లో అచ్చయిన షేక్స్‌పియర్ నాటకాల తొలి సంపుటంలో షష్ఠీ రూపాలు చాలాచోట్ల ఈ గుర్తు లేకుండానే కనిపిస్తాయి. ఆ తరువాత ఏకవచన షష్ఠికి గుర్తు పెట్టడం క్రమంగా స్థిరపడింది. బహువచన షష్ఠిలో “స్” తరువాత గుర్తు పెట్టే పద్ధతి ఇంకా ఆలస్యంగా, 18వ శతాబ్ది చివరి భాగానికి గాని వ్యాప్తిలోకి రాలేదు. అక్కడ ఏ అక్షరమూ లోపించలేదు కదా, గుర్తెందుకని ఆక్షేపించిన వ్యాకర్తలు కూడా ఉన్నారు. అంటే ఈ నియమం అనాదిగా వస్తున్నది కాదు. చెవి పోగొట్టుకున్న తేడాను కంటికి తిరిగి ఇవ్వడానికి రాతగాళ్ళు, ముద్రాపకులు చేసుకున్న ఏర్పాటు.

4. చట్టాల పేర్లలో

మన దేశపు చట్టాల పేర్లే ఇందుకు మంచి ఉదాహరణలు. 1884 నాటి వ్యవసాయదారుల రుణాల చట్టం పేరు “అగ్రికల్చరిస్ట్స్’ లోన్స్ యాక్ట్”. 1948 నాటి ఉద్యోగుల బీమా చట్టం పేరులో “ఎంప్లాయీస్’” అని ఉంటుంది. రెండూ బహువచనాలు. 1923 నాటి నష్టపరిహార చట్టానికి మొదట “వర్క్‌మెన్’స్” అనే పేరుండేది. “మెన్” అప్పటికే బహువచనం కనుక గుర్తు “స్”కు ముందే వచ్చింది. 2009 సవరణలో ఆ మాటను “ఎంప్లాయీ’స్” అని మార్చారు, ఇది ఏకవచనం. గాయపడిన ఒక్కొక్క ఉద్యోగికీ విడిగా దక్కే పరిహారం కనుక ఆ రూపం అక్కడ అతికినట్టే ఉంటుంది.

అన్నిచోట్లా ఇంత కచ్చితత్వం కనిపించదు. లండన్ భూగర్భ రైలుమార్గంలో “ఎర్ల్’స్ కోర్ట్” అనే స్టేషను పేరులో గుర్తుంది; దగ్గరలోనే ఉన్న “బారన్స్ కోర్ట్”లో లేదు. అమెరికాలో భౌగోళిక నామాల బోర్డు 1890లో ఏర్పడిన నాటి నుంచీ ఊళ్ళ పేర్లలో ఈ గుర్తును నిరుత్సాహపరుస్తూ వచ్చింది. సంస్థల పేర్లను మాత్రం ఆ సంస్థ ఎలా రాసుకుంటే మీరూ అలాగే రాయండి. మీ సొంత వాక్యాల్లో నియమం పాటించండి.

5. నిత్య వాడుకలో

ముందుగా తెలుగులో “ఎవరిది?” అని ప్రశ్నించుకోండి. జవాబుగా వచ్చిన యజమాని పదాన్ని ఇంగ్లీషులో పూర్తిగా రాయండి. ఆ తరువాతే గుర్తు పెట్టండి. ఆ పదం “స్”తో ముగిసే బహువచనమైతే గుర్తుతో ఆగిపోండి. కాకపోతే గుర్తు తరువాత “స్” చేర్చండి.

(అ) నేతగాళ్ళ కూలి: “వీవర్స్’ వేజెస్”. స్త్రీల హక్కులు: “విమెన్’స్ రైట్స్”. పిల్లల బడి: “చిల్డ్రన్’స్ స్కూల్”. ప్రజల ఉద్యమం: “పీపుల్’స్ మూవ్‌మెంట్”.

(ఆ) సెలవు చీటీలో ఒక రోజు సెలవైతే “వన్ డే’స్ లీవ్”, రెండు రోజులైతే “టూ డేస్’ లీవ్”. ఉద్యోగ దరఖాస్తులో పదేళ్ళ అనుభవం “టెన్ ఇయర్స్’ ఎక్స్‌పీరియన్స్”.

(ఇ) ఇద్దరికి ఉమ్మడిగా ఉన్నదైతే గుర్తు చివరి పేరుకే. రెండూళ్ళకూ ఒకటే మునిసిపాలిటీ కనుక “చీరాల అండ్ పేరాల’స్ మునిసిపాలిటీ”. ఏ ఊరి వీధులు ఆ ఊరివే కనుక “చీరాల’స్ అండ్ పేరాల’స్ స్ట్రీట్స్”.

(ఈ) యాజమాన్యం లేనిచోట గుర్తు అక్కరలేదు. ఫలహారశాల బోర్డు మీద “టిఫిన్’స్” అని కనిపిస్తే అది పొరపాటు. అక్కడ ఉన్నది బహువచనమే. ఎవరి సొత్తూ కాదు.

జవాబు పత్రాలు దిద్దిన ఏళ్ళలో నేను ఎక్కువగా చూసిన తప్పు, “స్” కనిపించిన ప్రతిచోటా దాని ముందు గుర్తు పెట్టేయడం. అలా రాస్తే యాభైమంది కలిసి పెట్టుకున్న అర్జీ కాగితం మీద ఒక్కడి అర్జీ అయిపోతుంది.

6. సారాంశం

ప్రాచీన ఆంగ్లంలో చెవికి అందిన తేడా ధ్వనులు మారడంతో మాసిపోయింది. దాని స్థానంలో కంటికి కనిపించే గుర్తు 16వ శతాబ్దంలో ప్రవేశించి, బహువచన షష్ఠి విషయంలో 18వ శతాబ్ది చివరికి స్థిరపడింది. తెలుగులో “ల” చేసే పనినే ఇంగ్లీషు రాతలో “స్” తరువాతి గుర్తు చేస్తుంది. రామనగరంలో పాకలు వేసుకున్నవారు వేలమంది. వారి గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు గుర్తును సరైన చోట పెట్టడమంటే వారందరినీ లెక్కలోకి తీసుకోవడమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. “రేట్‌పేయర్’స్”, “రేట్‌పేయర్స్’” – ఈ రెంటి అర్థభేదాన్ని చీరాల–పేరాల ఉద్యమం ఆధారంగా వివరించండి.
2. “వర్క్‌మెన్’స్”లో గుర్తు “స్”కు ముందు ఎందుకు వచ్చింది?
3. మీ ఊరి రైతుల తరఫున సాగునీటి కోసం ఇంగ్లీషులో ఒక అర్జీ రాయండి. అందులో బహువచన షష్ఠిని కనీసం మూడుసార్లు వాడండి.