మాత్ర మింగి చేనిలోకి

కార్తీక మాసం. చంద్రగిరి దాటాక కొండల వారగా ఒక చెనక్కాయ చేను. పొద్దున పది గంటలు. రాత్రి వానకు నేల మెత్తబడి కట్టె సులువుగా ఊడొస్తోంది. పైన పల్చటి మబ్బు. ఎండ చురుక్కుమనడం లేదు. మీరు గట్టు మీద నిలబడ్డారు. ముందు నలుగురు ఆడవాళ్లు వరసగా వంగి కట్టె పీకుతున్నారు. చివరన ఉన్నామె మాత్రం ఆగి ఆగి చేతులను తడి కొంగుతో ఒత్తుకుంటోంది.

దగ్గరికి వెళ్లి చూడండి. ముంజేతుల పైభాగం, వేళ్ల కణుపులు నల్లగా కమిలాయి. ఆ నలుపు జాకెట్టు చెయ్యి అంచు దగ్గర ఒక గీతలా ఆగిపోయింది. ముక్కు మీద, చెక్కిళ్ల మీద కూడా ఉంది. గడ్డం కింద, చెవుల వెనక లేదు.

"ఏమక్కా, చేతులు అట్లయినాయే?" అంటోంది పక్కనున్న పిల్ల.

"జొరానికి మాతర్లిచ్చినారు గదా పాపా, శానా వేడి చేసినాయి. ఒకటే మంట. రేపట్నించి మింగేది లే."

నా మనసు కలుక్కుమనేది ఈ మాట దగ్గరే. ఎందుకంటే ఆ మాత్రే ఆమెను బతికించింది.

నాలుగు రోజుల కిందట ఆమె మంచంలో ఉంది. విపరీతమైన జ్వరం, తలనొప్పి. డాక్టరమ్మ ఒళ్లంతా వెతికితే నడుము మడతలో చిన్న నల్ల పక్కు కనిపించింది. స్క్రబ్ టైఫస్. వానల తర్వాత పొదల్లో, గడ్డిలో పెరిగే, కంటికి ఆనీ ఆనని నల్లి పిల్ల కుట్టిన చోటు అది. దాని కాటుతో ఓరియెన్షియా సుసుగముషి అనే బ్యాక్టీరియా ఒంట్లోకి వస్తుంది. తిరుపతి చుట్టుపక్కల ఇది కొత్త జబ్బేమీ కాదు. దక్షిణ ఆంధ్రలో ప్రబలిన రకాలేమిటో అక్కడి స్విమ్స్ వైద్య సంస్థ పరిశోధకులు జన్యు పరీక్షలతో తేల్చి 2016లో ప్రచురించారు. సకాలంలో మందు పడకపోతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దాకా పోతుంది. మందు మాత్రం మామూలుదే, చవకైనదే: డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, సాధారణంగా వారం రోజులు. చాలామందికి 48 గంటల్లోపే జ్వరం దిగిపోతుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. జ్వరం దిగగానే ఆమె చేనికొచ్చింది. కాయ నేలలో ఉండగా ఎవరు ఇంట్లో కూర్చుంటారు? మందు ఇంకా నెత్తురులో ఉంది, చర్మంలో ఉంది.

ఇప్పుడు ఆ చర్మంలోకే దిగండి. సూర్యుణ్ణి ఎనిమిది నిమిషాల కిందట వదిలిన కాంతి ఇప్పుడే ఆ ముంజేతిని తాకింది. అందులో కంటికి కనబడని అతినీలలోహిత-ఎ కిరణాలున్నాయి. తరంగదైర్ఘ్యం 320 నుంచి 400 నానోమీటర్లు. పల్చటి మబ్బు వాటిని పెద్దగా అడ్డుకోలేదు, బస్సు కిటికీ అద్దమూ చాలామటుకు ఆపలేదు. మన చర్మపు రంగు కొంత కాపు కాస్తుంది, పూర్తిగా కాదు. పైపొర దాటి లోపలికి వచ్చిన ఆ కిరణాన్ని డాక్సీసైక్లిన్ అణువు మింగేసింది. అరచేతిలో నిప్పుకణిక పడ్డవాడు దాన్ని పక్కకు విసిరినట్టు, ఆ శక్తిని దగ్గర్లో ఉన్న ఆక్సిజన్ మీదికి నెట్టేసింది. మనల్ని బతికించే ఆక్సిజనే ఆ క్షణంలో సింగ్లెట్ ఆక్సిజన్‌గా మారింది. దాని ఆయుష్షు సెకనులో లక్షో వంతు కూడా లేదు. కాబట్టి దూరం పోలేదు, పుట్టిన చోటే కాలుస్తుంది. కణం చుట్టూ ఉన్న కొవ్వు పొర చిల్లులు పడుతోంది. మైటోకాండ్రియా దెబ్బతింటోంది. ఆ కణాలు పంపే సంకేతాలకే వాపు, మంట. ఇది ఎలర్జీ కాదు. మందు మోతాదు, వెలుతురు మోతాదు తగినంత కలిస్తే ఎవరికైనా రావచ్చు.

ఇక డీఎన్‌ఏ. అందులోని నాలుగు అక్షరాల్లో గ్వానిన్ ఇలాంటి ఆక్సిజన్‌కు తేలిగ్గా లొంగుతుంది. మారిపోయిన గ్వానిన్‌ను కణం సరిచేసుకోకపోతే, కాపీ తీసేటప్పుడు తప్పు అక్షరం పడి అదే నిలిచిపోవచ్చు. ఈ పనిలో డాక్సీసైక్లిన్ కుటుంబమైన టెట్రాసైక్లిన్ల కంటే ఫ్లోరోక్వినలోన్లనే ఇంకో రకం యాంటీబయాటిక్ మందులు ఘాటైనవి. అందరికీ తెలిసిన సిప్రోఫ్లాక్సాసిన్‌ది ఆ కుటుంబమే, కానీ దాని ప్రభావం కొంత తక్కువ. లోమెఫ్లాక్సాసిన్ లాంటి వాటిలో ఎనిమిదో స్థానంలో ఇంకో ఫ్లోరిన్ పరమాణువు ఉంటుంది. కాంతి పడగానే అది ఊడిపోతుంది, మిగిలిన ముక్క డీఎన్‌ఏ పోగులను తెంపగలదు. లోమెఫ్లాక్సాసిన్ ఇచ్చి ఆ కిరణాలు సోకించిన ఎలుకలకు చర్మ కణుతులు వచ్చాయి. అదే స్థానంలో మిథాక్సీ సమూహం ఉన్న మాక్సిఫ్లాక్సాసిన్‌కు ఈ గుణం చాలా తక్కువ. అణువులో ఒక్క మూల మార్చితే ఎంత తేడా!

టెట్రాసైక్లిన్ల కథలో మనవాడొకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు సారథిగా ఉన్నప్పుడే, అక్కడి బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. ఆ కుటుంబంలో అదే మొదటి మందు. 1948లో అది లోకానికి వెల్లడైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. డాక్సీసైక్లిన్ 1967లో ఫైజర్ నుంచి వచ్చింది. ఈ మందులు కాపాడిన ప్రాణాల ముందు చేతుల మీది మంట చిన్నదే. అయినా ఆ మంట వల్లే మందు ఆగిపోతే అది చిన్నది కాదు.

ఆమె చేతుల్ని మళ్లీ చూడండి. పుస్తకాల్లో మందు, ఎండ కలిసి తెచ్చే ఈ మంట బొమ్మలు ఎక్కువగా తెల్లటి ఒంటి మీద ఎర్రగా ఉంటాయి. మన ఒంటి మీద ఎరుపు అంతగా కనబడదు, నలుపే తేలుతుంది. అందుకే మంట అని చెప్పినా ఎండకు కమిలిందిలే అని దాటేసే ప్రమాదం ఉంది. కొందరికి కొన్నాళ్ల తర్వాత గోళ్లు కూడా కండ నుంచి విడివడతాయి.

మాత్ర చేతికిచ్చే డాక్టర్లకు, నర్సమ్మలకు, మందుల షాపుల వాళ్లకు నా మనవి ఒక్కటే. తిన్నాక మింగమని చెప్పే నోటితోనే ఇంకొక్క మాట చెప్పండి: "ఈ వారం ఎండలోకి పోవద్దమ్మా. తప్పదంటే పొద్దు ఎక్కకముందే పని ముగించుకో, మొగుడి పొడుగు చేతుల చొక్కా వేసుకో, తలకు గుడ్డ కట్టుకో." మీరు ఈ మాత్ర వేసుకుంటూ ఉండి చర్మం మండితే నీడకు రండి, ఆసుపత్రికి వెళ్లి చూపించండి. అవసరమైతే అజిత్రోమైసిన్‌కు మార్చే వీలుంది. అంతేగానీ మీ అంతట మీరు మాత్ర మానేయకండి.