అడుగులు, అంగుళాల పోటీ: తిరువూరు మెట్టసీమలో ఎడ్ల బలప్రదర్శన

వేగంగా దూసుకుపోయే కార్లు ఉన్న ఇద్దరు మిత్రులు, నిలిచి ఉన్న స్థితి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని ఎవరి బండి ముందుగా అందుకుంటుందో సెకన్లలో కొలుచుకుని మురిసిపోవడం మోటారు యుగపు అలవాటే అయినా, తన ఇంటి చోదకశక్తిని పొరుగింటి చోదకశక్తితో పోల్చి చూసుకోవాలనే ఉబలాటం మోటారు కంటే ఎంతో పాతది. తిరువూరు పరిసరాల మెట్ట గ్రామాలలో ఆ ఉబలాటానికి ఆధారం ఎద్దు. ఒకే కాడికి కట్టిన రెండు గిత్తలు మట్టి బరిలో బరువైన రాతిదూలాన్ని నిర్ణీత కాలంలో ఎంత దూరం లాగగలవో కొలిచే పోటీని ప్రజలు బండలాగుడు అని, ఆహ్వాన పత్రికలు ఎడ్ల బలప్రదర్శన అని పిలుస్తాయి. ఇది తాతముత్తాతల నాటి ఆచారమని తరచుగా వినిపించే మాట సగమే నిజం. పోటీ వెనుక ఉన్న పట్టుదల పాతదే గాని, గడియారం, కొలత టేపు, మైకు, దంత పరీక్ష కలిసిన నేటి రూపం మాత్రం ఎద్దు పొలం పని నుంచి తప్పుకుంటున్న కాలంలో స్థిరపడిన కొత్త వ్యవస్థ.

తిరువూరు విజయవాడకు ఉత్తరాన సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, తెలంగాణలోని ఖమ్మం జిల్లా సరిహద్దును ఆనుకుని ఉంది. 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడే వరకు ఇది కృష్ణా జిల్లాలో భాగం; అంతకు పూర్వం, బ్రిటిష్ పాలనలో, మద్రాసు రాజధానికీ నైజాం రాజ్యానికీ మధ్య గీత ఈ ఊరి పొలిమేరలకు దగ్గరలోనే సాగేది. 1852, 1855 సంవత్సరాల మధ్య బెజవాడ వద్ద కృష్ణానదిపై నిర్మించిన ఆనకట్ట దిగువ డెల్టాకు సాగునీటితో పాటు పడవలు నడిచే కాలువలను కూడా ఇవ్వగా, ఎగువన ఉన్న తిరువూరు మెట్టకు ఆ రెండింటిలో ఏదీ దక్కలేదు. డెల్టాలో ధాన్యం పడవ మీద సాగిపోయిన రోజుల్లో మెట్టలో పండిన ప్రతి గింజా ఎడ్లబండి ఎక్కవలసి వచ్చేది. రైలు మార్గం కూడా ఈ పట్టణాన్ని తాకకుండా పోవడంతో బండి మీద ఆధారపడడం ఇంకా ఎక్కువ కాలం కొనసాగింది. ఇప్పుడు విజయవాడ నుంచి మైలవరం, తిరువూరు, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్‌కు పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు మోస్తున్న బరువు, ఒకప్పుడు ఎద్దు మెడ మోసినదే.

అటువంటి నేల మీద ఎద్దు బలం ప్రదర్శన వస్తువు కాదు, బతుకుదెరువు. వానకు తడిసిన నల్లరేగడిలో చక్రం దిగబడిపోయినప్పుడు బండిని పైకి తీయగల జత ఎవరిదో, మోట బావి దగ్గర, అంటే తోలుతో చేసిన పెద్ద బొక్కెనను మోకుతో ఎడ్ల చేత లాగించి నీరు తోడే చోట, పొద్దెక్కినా అడుగు తడబడని జత ఎవరిదో ఊరందరికీ తెలిసి ఉండేది. ఎద్దుల విలువ సంతలో బేరానికి ముందే పొలం గట్ల మీద తేలిపోయేది. జ్యేష్ఠ పౌర్ణమినాడు వచ్చే ఏరువాక పున్నమికి ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఊరి ముందు కట్టిన తోరణం వరకు ఉరకలెత్తించే ఆచారం తెలుగు పల్లెలలో విస్తృతంగా ఉండేది. ఎవరి ఎడ్లు ముందు చేరాయన్నది ఆ ఏటి మాటగా మిగిలేది. మున్నేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకో, గంపలగూడెం మండలంలోని నెమలి వేణుగోపాలస్వామి సన్నిధికో కుటుంబాలు బండ్లు కట్టుకుని బయలుదేరితే, ఆ దారి కూడా ఎడ్లను పోల్చి చూసుకునే అవకాశమే. ఈ పోలికలలో కొలమానం లేదు, న్యాయనిర్ణేత లేడు. నలుగురి కన్నే సాక్ష్యం.

ఆ స్థితి మారడానికి నీరు, యంత్రం రెండూ కారణమయ్యాయి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైన తరువాత, క్రమంగా విస్తరించిన ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం జిల్లాలను దాటి కృష్ణా జిల్లా మెట్ట తాలూకాల వైపు వచ్చింది. సాగు విస్తరించిన కొద్దీ దుక్కికి దొరికే వ్యవధి తగ్గింది. తగ్గిన వ్యవధిలో ఎక్కువ నేల దున్నగలిగిన ట్రాక్టరుకు గిరాకీ పెరిగింది. మోట స్థానంలో ఆయిలింజను, ఆ తరువాత కరెంటు మోటారు వచ్చాయి. ఎద్దు చేసే పనులు ఒక్కొక్కటే తప్పుకున్న కొద్దీ, దాన్ని కేవలం లాభనష్టాల లెక్కతో చూసిన ఇళ్లలో పశువుల కొట్టం ఖాళీ అయింది. దాని మీద పట్టుదల ఉన్న ఇళ్లలో మాత్రం ఎద్దు బరిలోకి నడిచింది. పూర్వం పొలం చెప్పిన తీర్పును చెప్పడానికి ఇప్పుడు ఒక రాయి కావలసి వచ్చింది.

పోటీ నిర్మాణాన్ని కొంత వివరంగా చూడడం అవసరం, ఎందుకంటే ఈ వ్యవస్థ పరిణతి అంతా దాని నియమాలలోనే కనిపిస్తుంది. జతలను వయసును బట్టి విభజిస్తారు. పుట్టిన తేదీ పత్రాలు లేని పశువుకు వయసు చెప్పేవి దాని పళ్లే. పశువులకు పై దవడ ముందుభాగంలో పళ్లు ఉండవు. కింది దవడలో ఉండే ఎనిమిది కొరికే పళ్లలో మొదట వచ్చేవి పాలపళ్లు. సుమారు రెండేళ్లు దాటాక మధ్యలోని రెండు పాలపళ్లు రాలి శాశ్వత దంతాలు వస్తాయి. ఆ తరువాత దాదాపు ఏడాదికొక జత చొప్పున నాలుగు, ఆరు, ఎనిమిది పళ్లు పూర్తవుతాయి. అందువల్ల పాలపళ్ల విభాగం, రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం అని మెట్లు ఏర్పడ్డాయి. వాటికి పైన జూనియర్, సీనియర్ విభాగాలు ఉంటాయి. విభాగం పెరిగిన కొద్దీ రాయి బరువు పెరుగుతుంది. పెద్ద విభాగాలలో అది టన్నును మించడం కూడా ఉంది. కార్ల పోటీలలో ఇంజను పరిమాణాన్ని బట్టి తరగతులు చేయడం ఎంత అవసరమో, ఇక్కడ పన్ను చూడడం అంత అవసరం.

బరి పొడవు కొన్ని వందల అడుగులే కాబట్టి, జత ఒక కొసకు చేరగానే ఎడ్లను తిప్పి, రాతిని మళ్లీ వెనక్కి లాగిస్తారు; అలా ఒక్కొక్క దాటును ఒక రౌండుగా లెక్కిస్తారు. గడువు ముగిసి ఈల వేసిన చోట రాతిని ఆపి, పూర్తయిన రౌండ్ల దూరానికి మిగిలిన తునకను టేపుతో కొలిచి కలుపుతారు. ఫలితం అడుగులు, అంగుళాలలో వెలువడుతుంది. వేల అడుగుల లాగుడు తరువాత మొదటి బహుమతికీ రెండో బహుమతికీ మధ్య కొన్ని అడుగుల తేడాయే మిగలడం అరుదు కాదు. వ్యాఖ్యాత పాత్ర కూడా గమనించదగినది. బరిలో ఒక సమయంలో ఒకే జత ఉంటుంది గనుక ప్రేక్షకుడికి పక్కపక్కనే రెండింటినీ చూసే అవకాశం లేదు. ఆ లోటును తీర్చడానికి వ్యాఖ్యాత ప్రతి రౌండు చివర, అప్పటికి మొదటి స్థానంలో ఉన్న జత అదే దూరాన్ని ఎంతసేపటిలో లాగిందో చెప్పి, ఈ జత ఇన్ని సెకన్లు ముందంజలో ఉందనో, వెనుకంజలో ఉందనో ప్రకటిస్తాడు. బరిలో లేని ఎడ్లతో బరిలో ఉన్న ఎడ్లు పరుగు తీస్తున్నట్లు జనం ఊపిరి బిగబట్టేది ఆ అంకెల వల్లనే.

ఈ లాగుడులో అసలు పరీక్ష కదలికలో ఉంది. నేల మీద నిలిచి ఉన్న రాతిని కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న రాతిని కదుపుతూ ఉండడానికి కావలసిన బలం కంటే ఎక్కువ. భౌతికశాస్త్రం దీన్ని స్థైతిక ఘర్షణ, గతిక ఘర్షణ అనే రెండు పేర్లతో వేరు చేస్తుంది. ప్రతి మలుపు దగ్గర రాయి ఆగుతుంది గనుక ప్రతి రౌండు మళ్లీ మొదటి కుదుపుతోనే ఆరంభం కావాలి. అందుకే అనుభవజ్ఞులైన యజమానులు ఎద్దు ఒడ్డూ పొడవులను మాత్రమే చూసి సంతృప్తి పడరు. దాపలది, అంటే ఎడమ వైపుది, వలపలది, అంటే కుడి వైపుది, రెండూ ఒకే క్షణంలో మెడ వంచి కాడిని తోస్తాయా అన్నది చూస్తారు. ఒకటి అర క్షణం ముందు దూకితే కాడి వంకరపోతుంది, రాయి పక్కకు జారుతుంది, సెకన్లు మట్టిలో కలుస్తాయి.

ఆ శ్రమ ఎంతటిదో ఊహించడానికి స్థూలమైన లెక్క ఒకటి వేయవచ్చు. పద్దెనిమిదో శతాబ్దం చివర జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను గుర్రాలతో పోల్చి చెప్పడానికి వాడిన హార్స్ పవర్ అనే కొలతను మెట్రిక్ పద్ధతిలో చెప్పుకుంటే, 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తడానికి పట్టే శక్తి. దున్నేటప్పుడు మంచి ఎడ్ల జత గంటల తరబడి ఇవ్వగలిగేది సుమారు ఒక హార్స్ పవర్. టన్ను బరువున్న రాయికి నేల ఘర్షణ దాని బరువులో సగం ఉంటుందని, జత 15 నిమిషాలలో దాదాపు 3,000 అడుగులు, అంటే సెకనుకు ఒక మీటరు చొప్పున లాగుతుందని అనుకుంటే, అది ఆరు హార్స్ పవర్లను మించుతుంది. నేల తడిని బట్టి, రాతి అడుగు నునుపును బట్టి ఈ అంకె మారుతుంది. అయినా దుక్కిలో చేసే పనికి అనేక రెట్లు తీవ్రమైన పనిని ఎద్దు బరిలో చేస్తుందన్నది స్పష్టం. ఈ విషయాన్ని పోటీని మెచ్చేవారూ, వ్యతిరేకించేవారూ ఇద్దరూ గుర్తుంచుకోవాలి.

యజమానుల మధ్య స్పర్ధ స్నేహాన్ని మింగకుండా నిలిచిందనడానికి ఉత్తమమైన రుజువు కంబైండ్ జత అనే ఏర్పాటు. మేలైన దాపటెద్దు ఒకరి దగ్గర, దానికి ఈడైన వలపటెద్దు వేరొక ఊరివారి దగ్గర ఉన్నప్పుడు, ఇద్దరూ తమ ఎద్దులను ఒకే కాడికి కట్టి పోటీకి దించుతారు. ఫలితాల పట్టికలో ఇద్దరి పేర్లూ ఊర్లూ పక్కపక్కన చేరతాయి. నిరుడు ఓడించిన వాని ఎద్దుతో ఈ ఏడు తన ఎద్దును జతకలపడానికి కావలసిన పెద్దమనసు, ఏ నియమావళీ ఇవ్వలేనిది. బహుమతి సొమ్ము మేపు ఖర్చుకు చాలడం కష్టం. ఉలవలు, పత్తిగింజలు, పచ్చిగడ్డి, రోజువారీ నడక, పోటీకి పోటీకి మధ్య లారీ కిరాయి అన్నీ కలిసి పెద్ద సేద్యం ఉన్నవారికి కూడా భారమే. ఆ భారాన్ని మోయించేది ఊరి పేరు మైకులో వినిపించే ఆ కొద్ది నిమిషాలు.

బరిలో ఎక్కువగా కనిపించేది ఒంగోలు జాతి. గుండ్లకమ్మ పరీవాహక ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఈ తెల్లని, ఎత్తైన మూపురపు జాతి పంతొమ్మిదో శతాబ్దంలోనే సముద్రం దాటి బ్రెజిల్ చేరింది. 1960ల ఆరంభంలో ఒంగోలు సమీపంలోని కరవది గ్రామం నుంచి వెళ్లిన ఆబోతు ఆ ఊరి పేరుతోనే అక్కడి వంశావళులలో ప్రసిద్ధమైంది. బ్రెజిల్ ఈ జాతిని నెలోర్ పేరుతో మాంసం కోసం పెంచి, 1938 నుంచి వంశ నమోదు పుస్తకాలు నిర్వహిస్తోంది. స్వస్థలంలో మాత్రం ట్రాక్టరు వచ్చాక మగదూడకు విలువ పడిపోయింది. దాన్ని సంతకు తోలకుండా, మంచి ఆబోతును వెతికి ఆవుకు దాటించే ఆసక్తిని నిలబెట్టిన బలాలలో బండలాగుడు ఒకటి. అయితే అటువంటి నమోదు ఈ పోటీలలో జరగలేదు: ప్రతి తిరునాళ్లలో ఎంతో శ్రద్ధగా కొలిచిన అడుగులు, అంగుళాలు మరునాటి వార్తాపత్రిక జిల్లా పేజీతో సరిపోతాయి. ఏ ఎద్దు ఏ ఆబోతు సంతానమో, ఎంత బరువు ఎంత దూరం లాగిందో వరుసగా రాసి ఉంచిన చిట్టా ఉండి ఉంటే, అది పశువైద్య పరిశోధనకు అమూల్యమైన ఆధారమై ఉండేది. ఇది నిజంగా పెద్ద నష్టం.

చట్టం ఈ రంగంలో అడుగుపెట్టిన తీరు కూడా చరిత్రలో భాగమే. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2011 జులై 11న ప్రదర్శనలలో వాడకూడని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండ్ల పందేలనూ దేశమంతటా నిషేధించింది. 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ తమ సవరణ చట్టాలు తెచ్చుకోగా, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం వాటిని సమర్థించింది. ఆ మూడింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు. బలప్రదర్శన అనే పేరు ఇది పరుగు పందెం కాదని చెప్పుకోవడానికి పనికిరావచ్చు గాని, పైన వేసిన హార్స్ పవర్ లెక్క నుంచి ఎద్దుకు మినహాయింపు ఇవ్వదు. ముల్లుగర్రను, తోక మెలిపెట్టడాన్ని బరి నుంచి పూర్తిగా తొలగించి, మధ్యాహ్నపు ఎండలో జతలను దించకుండా, ప్రతి జతకూ పోటీకి ముందూ వెనకా పశువైద్యుని పరీక్షను తప్పనిసరి చేసిన చోటనే ఈ పోటీకి గౌరవం దక్కుతుంది.

ఇంత కొలత ఉన్నా, ఒక బరి అంకెను మరొక బరి అంకెతో పోల్చడం సాధ్యం కాదు. తారు రోడ్డు మీద కారు వేగం ఏ ఊరిలోనైనా దాదాపు ఒకటే. కాని పెనుగంచిప్రోలు ఇసుక కలిసిన ఏటిగట్టు నేల మీద లాగిన 3,000 అడుగులూ, తిరువూరు నల్లరేగడి మీద లాగిన 3,000 అడుగులూ ఒకటి కావు. కాబట్టి యజమానికి తన జత గొప్పదని నిరూపించుకోవాలంటే పొరుగువాని జత వచ్చిన బరికే, అదే రోజు, అదే రాతి ముందుకు తానూ వెళ్లాలి.