సిమ్ పెట్టెతో ఇంటి ఇంటర్నెట్: దాని మీద ఫోన్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

తీగ రాని వీధులకు కూడా ఇప్పుడు ఇంటర్నెట్ వస్తోంది. డాబా మీద ఒక చిన్న పెట్టె బిగిస్తారు. అది మొబైల్ టవరు నుంచి 5జీ సిగ్నల్ అందుకుంటుంది. లోపలి పెట్టె ఇల్లంతా వైఫై ఇస్తుంది. ఎయిర్‌టెల్ 2023 ఆగస్టులో ఢిల్లీ, ముంబైలలో ఈ సేవ మొదలుపెట్టింది. జియో అదే ఏడాది సెప్టెంబరు 19న బెంగళూరు, చెన్నై, ముంబై, పుణె, హైదరాబాదు సహా 8 నగరాల్లో మొదలుపెట్టింది. రెండు కంపెనీలూ ఎయిర్‌ఫైబర్ అనే పేరు పెట్టాయి గానీ ఇంట్లోకి ఫైబర్ తీగ ఏమీ రాదు. హోసూరులో, షోలాపూరులో, బరంపురంలో ఉన్న మనవాళ్లు మమ్మల్ని అడిగేది రెండు మాటలు. ఈ పెట్టె వచ్చాక పాత ల్యాండ్‌లైన్ తీసేయవచ్చా? అమ్మానాన్నల మొబైల్‌కు రీచార్జి మానేయవచ్చా?

ల్యాండ్‌లైన్ తీసేయండి, పరవాలేదు. రీచార్జి మాత్రం మానవద్దు. ఎందుకో చెప్తాం.

ఇంటర్నెట్ ఫోన్ అనే ఒక్క పేరు కింద నిజానికి మూడు రకాల సేవలున్నాయి. వాట్సాప్ లాంటి యాప్ కాల్ ఒకటి. దానికి అటూ ఇటూ అదే యాప్ ఉండాలి, మామూలు నంబరుకు కాల్ పోదు. రెండోది వైఫై కాలింగ్. నంబరూ సిమ్మూ మీవే, మాట మాత్రం ఇంటి వైఫై మీదుగా పోతుంది. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దీన్ని తెచ్చాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఒకసారి ఆన్ చేస్తే చాలు, మందపాటి గోడల పాత ఇళ్లలో ఇది నిజంగా వరం. లోపల గదిలో మొబైల్‌కు సిగ్నల్ అందకపోయినా డాబా మీది పెట్టెకు అందుతుంది కదా. మూడోది ఇంటి నంబరు. కొన్ని పెట్టెల వెనక పాత టెలిఫోన్ తీగ గుచ్చుకునే చోటు ఉంటుంది. అది లేకపోతే అనుమతి ఉన్న కంపెనీ ఇచ్చే నంబరును యాప్‌లో పెట్టుకోవచ్చు. ఇంటర్నెట్ మీదుగా మామూలు నంబర్లకు మాట్లాడే ఇలాంటి సేవలకు మన దేశంలో 2018లో దారి తెరుచుకుంది. బీఎస్‌ఎన్‌ఎల్ వింగ్స్ ఆ ఏడాదే వచ్చింది.

చాలామంది ముందుగా చూసేది వేగం. ఫోన్ మాటకు అసలు వేగంతో పనే లేదు. ల్యాండ్‌లైన్ నాణ్యతతో మాట్లాడినా ఒక్కో వైపుకు సెకనుకు 80 కిలోబిట్లు సరిపోతాయి. గంటసేపు మాట్లాడితే రెండు వైపులా కలిపి 72 ఎంబీ దాటదు. 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని, అయినా మాట తెగుతోందని విసుక్కునే ఇళ్లు మాకు తెలుసు. తప్పు వేగంలో లేదు. మాటను చిన్న చిన్న ముక్కలుగా చేసి సెకనుకు దాదాపు 50 చొప్పున పంపుతారు. అవి వరుసగా, సమాన వ్యవధిలో చేరాలి. ఒక ముక్క చటుక్కున వచ్చి తర్వాతిది ఆలస్యమైతే మాట గరగరలాడుతుంది. మాట అవతలి చెవికి చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే తేడా తెలియదు. అంతకంటే బాగా పెరిగితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది.

టవరు ఒక్కరిది కాదు. ఆ వీధిలో అందరూ సినిమాలు, క్రికెట్ చూసే రాత్రి వేళ మన వాటా సన్నబడుతుంది. అందుకే కనెక్షన్ పరీక్ష మధ్యాహ్నం ఒక్కసారి చేసి సరిపెట్టుకోవద్దు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తొమ్మిదింటికి మూడుసార్లు చేయండి. డౌన్‌లోడ్ అంకె పక్కన పెట్టి పింగ్, జిట్టర్, అప్‌లోడ్ చూడండి. పింగ్ 100 లోపు, జిట్టర్ 30 లోపు ఉంటే నిశ్చింత. మాట తెగుతుంటే అదే సమయంలో ఇంట్లో ఎవరి ఫోనైనా పెళ్లి ఫోటోలూ వీడియోలూ క్లౌడ్‌కు ఎక్కిస్తోందేమో చూడండి. అప్‌లోడ్ దారి మొదటి నుంచే ఇరుకు, ఆ ఒక్క పనితో మూసుకుపోతుంది. ఇంటి నంబరు యాప్‌లో ఉంటే ఇంకో చిక్కు. మొబైల్ కంపెనీ ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచి ఇస్తుంది కాబట్టి బయటి నుంచి వచ్చే కాల్ మోగకపోవచ్చు, మోగినా ఒక వైపు మాటే వినిపించవచ్చు. యాప్‌లో కీప్ అలైవ్ అన్నది 20, 30 సెకన్లకు పెట్టి, రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనేది ఆపేస్తే చాలాసార్లు కుదురుకుంటుంది. కంపెనీ తన పెట్టెతోనే ఇచ్చే ఇంటి నంబరుకు ఈ బాధ సాధారణంగా ఉండదు.

ఇక కరెంటు సంగతి. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, ఇల్లు చీకటైనా ఫోన్ మోగేది. ఇప్పుడు లోపలి పెట్టెకూ డాబా మీది పెట్టెకూ మన ఇంటి కరెంటే దిక్కు. రెండింటికీ సరిపోయే చిన్న యూపీఎస్ పెట్టుకుంటే కొన్ని గంటలు గడుస్తాయి, ఒకదానికే పెడితే ప్రయోజనం లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పటి చీకటి బరంపురం వాళ్లకు గుర్తుంటుంది. 2022 జులైలో గోదావరి నీళ్లు ఊళ్లోకి వచ్చిన యానాం వాళ్లకూ ఈ లెక్క చెప్పనక్కర్లేదు. అలాంటప్పుడు టవరు కూడా పడిపోవచ్చు. ఇంటి పెట్టెలోనూ పెద్దవాళ్ల మొబైల్‌లోనూ ఒకే కంపెనీ సిమ్ ఉంటే రెండూ ఒకేసారి మూగబోతాయి. రెండు వేర్వేరు కంపెనీలవి ఉంచుకోండి, మేమైతే దీన్నే మొదటి జాగ్రత్త అంటాం.

112 కూడా అంతే. వాట్సాప్ నుంచి 112కు కాల్ చేయలేరు. మొబైల్ నుంచి చేస్తే సొంత కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవరు అందితే ఆ కాల్ వెళ్లే ఏర్పాటు ఉంటుంది. ఒంటరిగా ఉన్న అత్తయ్యకో తాతయ్యకో ఈ ఒక్క తేడా చెప్పి ఉంచండి, వీలైతే మామూలు డయల్ బటన్‌తో ఒకసారి పక్కింటికి ఫోన్ చేయించి చూడండి. యాప్ కాల్‌కు అలవాటు పడ్డ చేతికి డయల్ బటన్ వెంటనే తట్టదు.

రీచార్జి ఖర్చే బెంగైతే దానికీ దారి ఉంది. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే ప్లాన్లు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది, 2025 జనవరి నుంచి కంపెనీలు ఇస్తున్నాయి. ఇంట్లో వైఫై ఉన్న పెద్దవాళ్లకు అది చాలు. అసలు వాడకుండా 90 రోజులు వదిలేస్తే ఆ నంబరు ఆగిపోవచ్చు. ఆ నంబరుతో పాటు బ్యాంకు ఓటీపీ, పెన్షన్ మెసేజీ కూడా పోతాయి.

గల్ఫ్‌లో పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. దుబాయి, అబుదాబీ ఉన్న ఎమిరేట్స్‌లో వాట్సాప్ వాయిస్ కాల్స్‌ను అక్కడే అడ్డుకుంటారు. మెసేజీలు వస్తాయి గానీ కాల్ కలవదు. ఇక్కడ పెట్టె మార్చినా, కంపెనీ మార్చినా అది కలవదు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌ను రెండు వైపులా పెట్టుకోవాలి.