ప్రేమ నటన – ఒక చారిత్రక పరిశీలన

ఇద్దరు స్త్రీలు లోకం ముందు ప్రేమికులుగా నటిస్తారు. ఆ నటనలోంచే నిజమైన ప్రేమ పుడుతుంది. ఇటీవలి ఇంగ్లీషు నవలల్లో తరచు కనిపించే ఈ ఇతివృత్తాన్ని కాలక్షేప సాహిత్యమని తోసిపుచ్చడం సులభమే. కాని ఏ ఇతివృత్తమైనా చరిత్రలో ఒకానొక దశలోనే సాధ్యమవుతుంది. ఆ దశ ఏదో తేల్చడం విమర్శ బాధ్యత అని నా అభిప్రాయం.

1952లో అమెరికాలో వెలువడిన రెండు నవలలు చూద్దాం. మారిజేన్ మీకర్ మారుపేరుతో రాసిన 'స్ప్రింగ్ ఫైర్'లో ఇద్దరు విద్యార్థినుల ప్రేమ సుఖాంతం కాకూడదని ప్రచురణకర్తలు షరతు పెట్టారు. తపాలా శాఖ పుస్తకాలను అడ్డుకుంటుందని వారి భయం. పెట్రీషియా హైస్మిత్ 'ద ప్రైస్ ఆఫ్ సాల్ట్'కు ఆ విషాదాంతం లేదు గాని, అదీ మారుపేరుతోనే వచ్చింది. 1990లో గాని ఆమె సొంత పేరుతో వెలువడలేదు. ఆనాడూ నటన ఉంది. అయితే అది ప్రేమ లేనట్టు నటించడం. పాత్రలతోపాటు రచయిత్రులూ నటించవలసి వచ్చింది.

హైస్మిత్ నవలలో ప్రేమకు కట్టుబడడంలో ఇద్దరిదీ ఒకే తీరు కాదు. పంతొమ్మిదేళ్ళ థెరీజ్ అన్నిటికీ సిద్ధం. కెరోల్ వెనుకాడుతుంది. ఇది స్వభావ భేదమేనంటే నేను ఒప్పుకోను. కెరోల్ విడాకుల కేసులో ఉన్న తల్లి. భర్త డిటెక్టివును పెట్టి సాక్ష్యం కూర్చి, కూతుర్ని ఆమెకు దూరం చేస్తాడు. ఎవరు ఎంత పోగొట్టుకోవలసి ఉంటుందో ఆ లెక్కే వారి నిబద్ధతలోని తేడా.

2021లో వచ్చిన అదీబా జైగీర్దార్ నవల 'హానీ అండ్ ఇషూస్ గైడ్ టు ఫేక్ డేటింగ్'లో ఈ నటన తలకిందులైంది. డబ్లిన్‌లో చదువుకునే ఇద్దరు బెంగాలీ అమ్మాయిల కథ ఇది. తాను స్త్రీలనూ ప్రేమించగలనని హానీ చెబితే తెల్లజాతి స్నేహితురాళ్ళు నమ్మరు. నమ్మించడానికి ఇషూను తన ప్రేయసిగా చెబుతుంది. ఇషూకు హెడ్ గర్ల్ కావడానికి పలుకుబడి కావాలి. ఐర్లండులో పురుషుల స్వలింగ సంబంధాలు 1993 వరకు నేరం. అదే దేశం 2015 ప్రజాభిప్రాయ సేకరణలో 62 శాతం ఓట్లతో స్వలింగ వివాహాన్ని ఆమోదించింది. ఇటువంటి ప్రేమను బాహాటంగా ప్రకటించి లాభం పొందగల సమాజం ఏర్పడ్డాకనే ఈ కథ సాధ్యమైంది. జాతి వివక్ష మాత్రం మిగిలే ఉంది.

మన సంగతేమిటి? అభ్యుదయ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ 1942లో 'లిహాఫ్' ప్రచురించి, అశ్లీలత నేరారోపణపై లాహోరు కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమను నేరం కాదన్నది. 2023లో అలాంటి జంటలకు వివాహ హక్కును గుర్తించ నిరాకరించింది. కనుక ఇక్కడ ఈ ఇతివృత్తాన్ని చేపట్టే రచయిత డబ్లిన్ కథను దిగుమతి చేసుకుంటే చాలదు. ప్రేమించవచ్చు గాని ఆ బంధానికి చట్టం కాగితం ఇవ్వని చోట, ఇద్దరిలో ఒకరు ఎందుకు వెనుకాడుతున్నారో ఆమె ఇంట్లో, ఉద్యోగంలో, ఆస్తి పత్రాల్లో వెతకాలి.