హఫ్‌మన్ బీడు

రైట్ సోదరులు అనగానే 1903 డిసెంబరు 17, కిటీ హాక్ దగ్గరి ఇసుక తిన్నెలు గుర్తుకొస్తాయి. ఆ రోజు వారు నాలుగుసార్లు ఎగిరారు. అన్నిటికంటే ఎక్కువసేపు ఎగిరింది 59 సెకన్లు. మనిషి ఎగరగలడని అక్కడ తేలింది గాని, గాలిలో మలుపు తిరిగి బయలుదేరిన చోటికే చేరడం వారు నేర్చుకున్నది మరోచోట. అది ఒహాయో రాష్ట్రంలో, వారి సొంత ఊరు డేటన్‌కు ఎనిమిది మైళ్ళ దూరంలోని పశువుల బీడు.

84 ఎకరాల ఆ నేల టారెన్స్ హఫ్‌మన్ అనే బ్యాంకరుది. 1904లో సోదరులు అడిగితే అద్దె పుచ్చుకోకుండానే ఇచ్చాడు. ఎగిరే ముందు ఆవుల్నీ గుర్రాల్నీ పక్కకు తోలాలన్నదొక్కటే షరతు. ట్రాము దిగి రోజూ అక్కడికి వెళ్ళేవారు. నేలంతా గడ్డి దుబ్బులు, ఎగుడుదిగుళ్ళు. చుట్టూ చెట్లు, ముళ్ళకంచె. పైగా కిటీ హాక్‌లో వీచే గాలి ఇక్కడ లేదు. ఎదురుగాలి లేకపోతే యంత్రం పట్టా మీద చాలా దూరం పరుగెత్తితే గాని పైకి లేవదు. సెప్టెంబరు 7 నుంచి ఒక ఉపాయం అమలు చేశారు. పొడవాటి గుంజలతో మంచెలాంటిది కట్టి, దాని మీది నుంచి బరువు జారవిడిచేవారు. అది పడుతుంటే దానికి కట్టిన తాడు యంత్రాన్ని ముందుకు లాగేది. ఒకవైపు బరువు దిగితే మరోవైపు పని జరుగుతుందని ఏతం చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

సెప్టెంబరు 20న యంత్రం మొదటిసారి పూర్తి చుట్టు తిరిగింది. దాన్ని కళ్ళారా చూసి రాసినవాడు విలేకరి కాదు, శాస్త్రజ్ఞుడూ కాదు. ఏమస్ రూట్ అనే తేనెటీగల పెంపకందారు. ఆయన వ్యాసం 1905 జనవరి 1న తన తేనెటీగల పత్రికలోనే వెలువడింది. చరిత్రకు ఆధారాలు ఎక్కడ దొరుకుతాయో ముందే నిర్ణయించుకునే పరిశోధకులు ఇలాంటి పత్రికల్ని తిరగెయ్యరు.

1905 అక్టోబరు 5న విల్బర్ 39 నిమిషాల్లో 24 మైళ్ళు తిరిగాడు. ఇంధనం అయిపోయి దిగాడు. ఆ తరువాత రహస్యం బయటపడుతుందన్న భయంతో 1908 దాకా సోదరులు ఎగరనే లేదు. బీడు మళ్ళీ పశువులదైంది. 1910లో తిరిగివచ్చి అక్కడ ఎగరడం నేర్పే పాఠశాల పెట్టారు. అది 1916 దాకా నడిచింది. 1917లో చుట్టుపక్కల నేలతో కలిపి దాన్ని సైన్యం తీసుకుంది.

ఇక మాటల సంగతి. ఇంగ్లీషు 'ఎయిర్‌ఫీల్డ్'లో ఫీల్డ్ అంటే పొలమే. విమానాలుంచే 'హ్యాంగర్' ఫ్రెంచి మాట. అక్కడ అది బండ్లూ పనిముట్లూ పెట్టుకునే కొట్టం. మన 'విమానాశ్రయం' సంస్కృత సమాసం. అందులో మట్టి వాసన లేదు. పల్లెల్లో వినిపించిన 'గాలిమోటారు' నాకు ఇంతకంటే నచ్చుతుంది. తమిళనాడులో షోలవరం, కయత్తారు దగ్గర రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల దారులున్నాయి. ఆ ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. ఆ నేలను ఇంట్లో ఏమని పిలుస్తారో అక్కడి విద్యార్థులు పెద్దల్ని అడిగి రాసుకోవాలి. అలాంటి పేరు పటాల్లోకి ఎక్కదు.

డేటన్‌లో సైన్యం తన మైదానానికి విల్బర్ రైట్ పేరు పెట్టుకుంది. ఇవాళ ఆ బీడు రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరం హద్దుల్లో ఉంది. 1905 నాటి కొట్టానికి నమూనాగా కట్టిన కొట్టం ఒకటి అక్కడ కనిపిస్తుంది. చుట్టూ ఉన్న గడ్డి నేలను మాత్రం ఇప్పటికీ ఆవుల ఆసామి హఫ్‌మన్ పేరుతోనే పిలుస్తున్నారు.