హిడింబ డాంగా నుంచి లాల్‌గఢ్ దాకా: మృగమని ఎవరిని అంటున్నాం?

ఖరగ్‌పూర్ పట్టణంలోని ఇందాలో ఖడ్గేశ్వరుడి గుడి ఉంది. ఊరికి ఆ పేరు ఆ దేవుడి వల్లనే వచ్చిందంటారు. గుడి చుట్టుపక్కల నేలను హిడింబ డాంగా అంటారు. డాంగా అంటే మిట్ట. నరభక్షకుడైన హిడింబాసురుణ్ణి భీముడు చంపింది ఇక్కడేనని స్థానికుల నమ్మకం. ఉత్తరాన గడబేతా దగ్గర శిలావతి నది ఎర్రమట్టిని కోసిన గన్‌గని లోయలున్నాయి. బకాసుర వధ అక్కడే జరిగిందని మరో కథ. రైల్వే కొలువులకు వచ్చి తరతరాలుగా ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ రెండు కథలూ నన్నయ ఆదిపర్వం ద్వారా సుపరిచితాలే.

పురాణాన్ని చరిత్రగా చదవనక్కరలేదు. అయితే వ్యాసభారతంలోని బకాసురుడి కథలో ఒక రాజకీయ వివరం ఉంది. ఏకచక్రపురానికి రాజు లేకపోలేదు. ఉన్నాడు గాని, ప్రజలను కాపాడే సత్తా లేనివాడు. పరాయి శత్రువుల నుంచి ఆ నేలను కాపాడేది బకుడే. బండెడు అన్నం, రెండు దున్నలు, ఒక మనిషి అతడి జీతం. అంటే రాక్షసుడి కథ మొదలైన చోట రాజ్యం చేతులెత్తేసింది. ఈ ప్రాంతపు ఆధునిక చరిత్రను చదవడానికి ఈ వివరం ఎంతో పనికొస్తుంది.

2018 ఆరంభంలో లాల్‌గఢ్ అడవుల పక్క పల్లెల వారు పెద్ద జంతువేదో తిరుగుతోందని, పశువులు చనిపోతున్నాయని చెప్పసాగారు. చివరకు అటవీశాఖ కెమెరాలు అమర్చింది. మార్చి 2న వాటిలో పడింది పెద్దపులి. పులులుండే చోటుగా ఎవరూ లెక్కించని అడవి అది. ఆరు వారాల పాటు బోనులు పెట్టారు, డ్రోన్లు ఎగరేశారు. పులి దొరకలేదు. ఏప్రిల్ 13న, ఆదివాసుల వార్షిక వేట పండుగ రోజుల్లో, బాగ్‌ఘొరా అడవిలో బల్లెం దెబ్బలతో దాని శవం కనిపించింది. అంతకు ముందు వేటకు వెళ్లినవారిలో కొందరు దాని వల్ల గాయపడ్డారు. అది మనిషి ప్రాణం తీసిన దాఖలా మాత్రం లేదు.

దేశమంతా ఆదివాసులను తప్పుపట్టింది. వేటను సమర్థించలేం. చట్టం స్పష్టంగా ఉంది. కాని ఆరు వారాలపాటు పులి భయంతో అడవికి వెళ్లలేక, ఆకులు, కట్టెలు తెచ్చుకోలేక నష్టపోయినవారి కూలికి ఎవరు జవాబుదారీ? ఈ ప్రశ్న ఢిల్లీ స్టూడియోల్లో వినిపించలేదు.

ఇక్కడ ఒక ఆస్ట్రేలియా సినిమాను తలచుకోవాలి. రసెల్ మల్కాహి 1984లో తీసిన 'రేజర్‌బ్యాక్'లో ఓ రాక్షస అడవిపంది మారుమూల ఎడారి ప్రాంతాన్ని వణికిస్తుంది. విడుదలైనప్పుడు పెద్దగా ఆడని ఈ చిత్రానికి తర్వాత అభిమాన వర్గం ఏర్పడింది. సినిమా మొదట్లోనే పంది ఒక పసివాణ్ణి ఎత్తుకుపోతుంది. తాత చెప్పిన మాటను ఎవరూ నమ్మరు, అతణ్ణే బోనెక్కిస్తారు. తర్వాత విలేకరిగా వచ్చిన స్త్రీని తరిమి హింసించేది కంగారూ మాంసం వ్యాపారం చేసే ఇద్దరు అన్నదమ్ములు. నేరం మాత్రం పంది చాటున దాగిపోతుంది.

ఆస్ట్రేలియా ప్రేక్షకుడికి ఇందులో నిజజీవితం కనిపించి ఉండాలి. 1980 ఆగస్టులో ఉలురు కొండ దగ్గర తొమ్మిది వారాల పసికందు అజారియా మాయమైంది. డింగో, అంటే అడవికుక్క, ఎత్తుకుపోయిందని తల్లి లిండీ చాంబర్లెయిన్ చెప్పింది. అక్కడి మూలవాసులైన జాడగాళ్లు ఇసుకలో డింగో అడుగులు చూసి అదే మాట అన్నారు. వారి సాక్ష్యానికి విలువ దక్కలేదు. ప్రయోగశాల నివేదికలను నమ్మి 1982లో తల్లికి యావజ్జీవం వేశారు. పాప చొక్కా దొరికాక 1986లో ఆమె విడుదలైంది. 1988లో శిక్ష రద్దయింది. డింగోయే కారణమని అధికారికంగా తేల్చడానికి 2012 దాకా పట్టింది.

మృగం కథల్లో ఎప్పుడూ రెండు విషయాలు మరుగున పడతాయి. ఒకటి, అడవి అంచున బతికేవాడి సాక్ష్యం. రెండు, బలవంతుడు చేసిన పని.

జంగల్ మహల్ చరిత్ర దీనికి నిలువెత్తు ఉదాహరణ. పైకుల మాన్యాలను లాక్కున్న ఈస్టిండియా కంపెనీ, తిరగబడిన వారిని 'చువాడ్లు' అంది. అనాగరికులని ఆ మాటకు అర్థం. 1798-99 తిరుగుబాటులో కర్ణగఢ్ రాణి శిరోమణిని బంధించారు. 1805లో జంగల్ మహల్ జిల్లా ఏర్పాటు చేశారు. అడవిలోని మనుషులకూ మృగాలకూ పాలకుల కళ్లలో పెద్ద తేడా లేదు. 1875 నుంచి 1925 వరకు యాభై ఏళ్లలో బహుమతుల కోసం 80 వేలకు పైగా పులులను చంపారని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్కకట్టారు. సాల వృక్షాలు రైలు పట్టాల కింద దిమ్మెలయ్యాయి. పులి తలకు ధర కట్టిందీ, ఆ పులి ఇల్లు కూల్చిందీ ఒకే ప్రభుత్వం.

ఈ న్యాయాన్ని ఒడియా రచయిత భగవతీ చరణ్ పాణిగ్రాహి 'శికార్' కథలో నిలదీశాడు. దాన్నే మృణాల్ సేన్ 1976లో 'మృగయా'గా తీశాడు. అడవి జంతువులను చంపి దొర దగ్గర బహుమతులందుకున్న ఘినువా, ఊరిని పీడించినవాడి తల తెచ్చి బహుమతి అడుగుతాడు. దక్కింది ఉరి. అన్నిటికంటే క్రూరమైన మృగాన్ని చంపితే శిక్ష ఎందుకో అతడికి బోధపడదు.

స్వాతంత్ర్యం తర్వాత కథ మరింత చిక్కుపడింది. 1970ల ఆరంభంలో ఇదే మేదినీపూర్‌లోని అరాబారిలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ గ్రామస్థులతో కలిసి నరికేసిన సాల అడవిని తిరిగి లేపాడు. ఉమ్మడి అటవీ నిర్వహణకు దేశంలో అదే నమూనా అయింది. అడవి తిరిగొచ్చింది. గనులు, దారుల వల్ల దల్మా కొండల్లో చోటు ఇరుకైన ఏనుగులు 1987 నుంచి ఇటు దిగసాగాయి. అడవిని కాపాడిన రైతు వరిచేనే వాటికి మేతయింది. ఏనుగు తొక్కి చనిపోయిన వారి ఇళ్లు ఈ జిల్లాల్లో ప్రతి ఏడూ పెరుగుతున్నాయి. మంటలతో తరిమే హూలా దళాలే ప్రభుత్వానికి తోచిన మందు. 2024 ఆగస్టులో ఝార్‌గ్రామ్‌లో మండే ఇనుప ఊచ దిగి ఒక ఏనుగు చనిపోయింది. మరణం ఇరువైపులా ఉంది. జవాబుదారీ ఏ వైపూ లేదు.

లాల్‌గఢ్ పేరు దేశానికి పులి వల్ల తెలియలేదు. 2008 నవంబరులో ముఖ్యమంత్రి బుద్ధదేవ్ భట్టాచార్య వాహన శ్రేణిపై సాల్బనీ దగ్గర మందుపాతర పేలాక, పోలీసు దాడులు, వాటిపై ప్రజా తిరుగుబాటు, మావోయిస్టుల హత్యలు, ఉమ్మడి బలగాల చర్యలు వరసగా సాగాయి. పెద్దపల్లికి చెందిన మల్లోజుల కోటేశ్వరరావు, అంటే కిషన్‌జీ, 2011 నవంబరు 24న బురిషోల్ అడవిలో మరణించాడు. అప్పుడు కూడా వార్త అంతా ఎవరు ఎవరిని వేటాడారన్నదే. మధ్యలో నలిగిన పల్లె ఏమన్నదో రాసినవారు తక్కువ.

2024 డిసెంబరులో సిమిలిపాల్ నుంచి బయల్దేరిన ఆడపులి జీనత్ ఝార్‌గ్రామ్, పురూలియా దాటి బాంకురా చేరింది. ఈసారి వలలు కట్టారు, మత్తుసూది ఇచ్చారు, డిసెంబరు 29న ప్రాణాలతో పట్టుకున్నారు. 2018 చావు నుంచి అటవీశాఖ పాఠం నేర్చిందనవచ్చు. పులి విషయంలో సాధ్యమైంది ఏనుగు దాడికి గురైన కుటుంబం విషయంలో ఎందుకు సాధ్యం కాదు? ముందస్తు హెచ్చరిక, పంట నష్టానికి సకాల పరిహారం, గ్రామసభ మాటకు రికార్డులో చోటు, ఇవేవీ దయాదానాలు కావు.

హిడింబాసురుణ్ణి చంపిన పాండవులే అతడి చెల్లెలి కొడుకు ఘటోత్కచుణ్ణి యుద్ధానికి పిలిచారు. అతడు కూలిన రాత్రి వారు దుఃఖిస్తుంటే కృష్ణుడు ఆనందించాడని ద్రోణపర్వం చెబుతుంది. ఓటు కావలసినప్పుడు అడవి బిడ్డ, గని కావలసినప్పుడు అభివృద్ధికి అడ్డు. మృగమని పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో ముందు అడగాలి. పులి ఎక్కడిదన్న ప్రశ్న తర్వాత.