కోర్టు వదిలినా వదలని పని

1920 డిసెంబరులో నాగపూర్ కాంగ్రెసు సహాయ నిరాకరణకు తుది ఆమోదం తెలిపి, వకీళ్లను కోర్టులు వదిలి రమ్మంది. తెలుగు జిల్లాల్లో కొండా వెంకటప్పయ్య, టంగుటూరి ప్రకాశం, బులుసు సాంబమూర్తి వంటివారు ఆ మాట మన్నించి ప్రాక్టీసు మానేశారు. ఈ ఘట్టాన్ని మనం త్యాగమన్న ఒక్క మాటతో ముగిస్తున్నాం, పోయిన రాబడితోనే కొలుస్తున్నాం. ఆ కొలత చాలదు. ప్లీడరుకి పనంటే ఫీజు మాత్రమే అయితే, గౌను విప్పిన రోజునే ఆ పనితో అతనికి రుణం తీరిపోవాలి. తీరలేదు. దస్తావేజు చదవడం, సాక్ష్యం తూచడం, ఒకరి తరఫున నిలబడి మాట్లాడడం అనే అలవాట్లు వాళ్ల రాజకీయంలోనూ కొనసాగాయి. వకీలు బతుకులో పని ఎంత లోతుగా దిగిందో తెలియాలంటే, కోర్టు మానేశాక అతనేం చేశాడో చూడాలి.

ముందు ఆ అలవాట్లు పుట్టిన చోటు చూద్దాం. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడింది. ఆ కాలపు వకీళ్లలో మెట్లుండేవి. జిల్లాల్లో సెకండు గ్రేడు ప్లీడర్లు, వారిపైన హైకోర్టు వకీళ్లు, ఆపైన బారిష్టర్లు. సెకండు గ్రేడు ప్లీడరుకి హైకోర్టులో వాదించే హక్కు లేదు. రాజమండ్రిలో ఆ మెట్టు మీద మొదలైన ప్రకాశం ఇంగ్లండు వెళ్లి బారిష్టరై, 1907లో తిరిగొచ్చి మద్రాసులో నిలదొక్కుకున్నారు. పనికి కొదవ లేదు. పిఠాపురం సంస్థానం తగాదాలే 1899లో ఒకసారి, 1918లో మరోసారి లండనులోని ప్రివీ కౌన్సిలు దాకా వెళ్లాయి. కింద మునసబు కోర్టుల్లో శిస్తు, సరిహద్దు, కాలవ నీరు, దత్తత, అప్పు. ప్లీడరు ఇంటి అరుగు మీద పొద్దున్నే కక్షిదారులు చేరేవారు. గుడ్డలో చుట్టి తెచ్చిన కట్ట విప్పితే పట్టా, శిస్తు రసీదు, ప్రోనోటు. ప్లీడరు ముందు తేదీ చూస్తాడు, తర్వాత సాక్షి సంతకాలు, ఆ తర్వాత కాగితం తిరగేసి వెనక చెల్లు వేశారేమో చూస్తాడు. ఆ తిరగేసి చూడడమే వృత్తి. ఏళ్ల తరబడి అలా చూసినవాడికి ఎదుటివాడి హక్కు ఎంత పెద్ద గొంతుతో చెప్పినా, దాని మూలపత్రం ఏదని అడగడం ఊపిరి తీసుకున్నంత సహజమవుతుంది.

అదే ప్రశ్నను ప్రకాశం జమీందారీ వ్యవస్థ మొత్తానికి వేశారు. 1937లో మద్రాసు రెవెన్యూ మంత్రి అయ్యాక, జమీందారీ రైతుల స్థితిపై విచారణ జరిపిన శాసనసభా సంఘానికి ఆయనే అధ్యక్షులు. ఆ సంఘం వాంగ్మూలాలు తీసుకుంది, పాత రికార్డులు తిరగేసింది, 1802 నాటి శాశ్వత శిస్తు రెగ్యులేషను దాకా వెళ్లి ఆ కాగితం జమీందారుకి నిజంగా ఏమిచ్చిందో చదివింది. భూమికి హక్కుదారు రైతేననీ, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమేననీ 1938 నివేదిక తేల్చింది. 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది చట్టం కాలేదు. జమీందారీల రద్దు చట్టం 1948లో గాని రాలేదు. అయినా ఆ నివేదికలో కనిపించేది సభల్లో ఉపన్యసించే నాయకుడు కాదు, కట్ట విప్పుకుని కూర్చున్న ప్లీడరే. కక్షిదారు మారాడు, పని మారలేదు.

దీనికి అభ్యంతరాలున్నాయి. 1922 ఫిబ్రవరిలో ఉద్యమం ఆగాక చాలామంది వకీళ్లు మళ్లీ కోర్టుకెక్కారు కదా, వారిని లాక్కుపోయింది ఫీజే కదా అనవచ్చు. ఇల్లు గడవాల్సిన మాట నిజం, దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. కాని ఫీజుతోనే అంతా తేలదనడానికి కోర్టు వదలనివారే సాక్ష్యం. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ప్రాక్టీసు మానలేదు. 1929 నుంచి 1944 దాకా మద్రాసు అడ్వొకేట్ జనరల్‌గా ఉన్నారు. తర్వాత రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చుని, కోర్టులో సాధించిన నేర్పునే దేశానికి పెట్టారు. ప్రకాశం, అల్లాడి దారులు వేరైనా, ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఆ పనే.

రెండో అభ్యంతరం బరువైనది. ఈ పనిని ఇంతగా మెచ్చుకుంటే, దాని ఖర్చు భరించిన రైతు సంగతేమిటి? కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు. వాయిదాల మీద వాయిదాలు పడి, తగాదా పడ్డ పొలం విలువ ఖర్చులకే చాలని కుటుంబాలున్నాయి. పని మీది మమకారమే వకీలుకి ఈ నష్టం కనబడనీయకుండా చేయగలదు కూడా. నేను దీన్ని కాదనను. అందుకే 1938 నివేదిక నాకు అంత ముఖ్యం. ఒక్కొక్క రైతూ విడివిడిగా ఖర్చు పెట్టుకుని అడగాల్సిన ప్రశ్నను, అది రైతులందరి తరఫునా ఒక్కసారే అడిగింది. రైతు దగ్గర ఫీజు పుచ్చుకుని నేర్చిన విద్యకు అంతకన్నా న్యాయమైన చెల్లు మరొకటి లేదు.